మియాటాకి వేరే వీల్స్ వేయాలంటే: వెడల్పు, ఆఫ్‌సెట్, నట్ల సంగతి ఎలా చూసుకోవాలి

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ మజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొన్న మనవాళ్లకి మొదటి వారంలోనే పుట్టే కోరిక వీల్స్ మార్చడం. మార్చుకోండి, తప్పేం లేదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ తెరిస్తే పక్క ఊళ్లోనే ఎవరో ఒకరు కంపెనీ అల్లాయ్స్ నాలుగూ టైర్లతో సహా చవగ్గా అమ్ముతూ ఉంటారు. ప్రకటనలో మాత్రం "మియాటా వీల్స్, 17 అంగుళాలు, మంచి కండిషన్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ ముక్క చూసి డబ్బులు పంపేయకండి. వీల్ మీ కారుకి ఎక్కుతుందో లేదో తేల్చేవి వేరే ఉన్నాయి: నట్ల రంధ్రాల అమరిక, మధ్య రంధ్రం, వెడల్పు, ఆఫ్‌సెట్ (వీల్ వెడల్పు సగం గీతకీ, అది కారుకి ఆనే చోటుకీ మధ్య దూరం), నట్టు కూర్చునే సీటు. 15 అంగుళాలా 17 అంగుళాలా అన్నది వీటన్నిటి తర్వాత చూసుకోవచ్చు.

చేతిలో ఒక టేపు, ఒక వెర్నియర్ (మిల్లీమీటర్లలో సన్నగా కొలిచేది, చవకది చాలు), టార్చిలైటు, 21 ఎంఎం సాకెట్, టార్క్ రెంచి (పెట్టిన బిగువు రాగానే టక్కుమనేది) ఉంచుకోండి. లెక్కలకి ఫోన్ చాలు.

ముందు మీ కారు ఏ తరందో ఖాయం చేసుకోండి. మియాటా నాలుగు తరాలు. అమెరికా మోడల్ ఇయర్ లెక్కన 1990 నుంచి 1997 దాకా ఎన్‌ఏ, 1999 నుంచి 2005 దాకా ఎన్‌బీ, 2006 నుంచి 2015 దాకా ఎన్‌సీ, 2016 నుంచి ఎన్‌డీ. 1998 మోడల్ అమెరికాలో అసలు లేదు, కాబట్టి ఎవరైనా "98 మియాటా వీల్స్" అని పెడితే వాళ్లకే ఆ కారు సంగతి సరిగ్గా తెలియదని అర్థం, మిగతా వివరాలు కూడా ఒకటికి రెండుసార్లు అడగండి.

ఈ నాలుగు తరాల్లో ఎన్‌సీ ఒక్కటే వేరే జాతి. ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌డీ మూడింటికీ నాలుగు స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు), అవి ఉండేది 100 మిల్లీమీటర్ల వృత్తం మీద, అంటే 4×100. ఎన్‌సీకి ఐదు స్టడ్లు, 5×114.3. నాలుగా ఐదా అన్నది ఫొటోలోనే తెలిసిపోతుంది. కానీ నాలుగు రంధ్రాలు కనిపించగానే 4×100 అనుకోకండి, పాత కొరోలా ఏఈ86కి 4×114.3, కొన్ని ఫియట్‌లకి 4×98, కొన్ని ఫోర్డులకి 4×108 ఉంటాయి. 98కీ 100కీ తేడా కంటికి కనిపించదు, నట్టు కూడా బలవంతంగా పడుతుంది, అక్కడే ప్రమాదం. అన్నట్టు 2017 నుంచి 2020 దాకా అమెరికాలో అమ్మిన ఫియట్ 124 స్పైడర్ ఎన్‌డీతో పాటు హిరోషిమాలోనే తయారైన కారు. దానిది 4×100, ఫియట్ అని భయపడక్కర్లేదు.

కొలవాలంటే నాలుగు రంధ్రాల వీల్‌కి ఒక రంధ్రం బయటి అంచు నుంచి ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచు దాకా కొలవండి, అదే వృత్తం వ్యాసం. ఐదు రంధ్రాల వీల్‌కి ఎదురెదురు రంధ్రాలు ఉండవు కదా, అందుకని పక్కపక్క రెండు రంధ్రాల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి 0.5878తో భాగించండి. 67.2 వస్తే అది 114.3.

ఇప్పుడు మధ్య రంధ్రం. వీల్‌ని సరిగ్గా మధ్యలో నిలిపేది హబ్ (ఇరుసు చివర వీల్ తగిలించే భాగం) అంచు, దాని మీద రంధ్రం సరిగ్గా కూర్చోవాలి. ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌డీ హబ్ 54.1 మిల్లీమీటర్లు, ఎన్‌సీది 67.1. కొనే వీల్ రంధ్రం ఇంతకన్నా పెద్దదైతే పరవాలేదు, మధ్యలో ఒక రింగు వేస్తే సరిపోతుంది. చిన్నదైతే మాత్రం వీల్ హబ్ మీదికి ఎక్కనే ఎక్కదు. హోండా ఎస్2000 వీల్స్ అందంగా ఉంటాయి, 5×114.3, కాబట్టి ఎన్‌సీ వాళ్ల కన్ను వాటి మీద పడుతుంది. కానీ వాటి రంధ్రం 64.1, ఎన్‌సీ హబ్ 67.1. మెషిన్ షాపులో కోయించాలి, పైగా నట్టు సీటు కూడా వేరు (దాని సంగతి కిందకొస్తుంది). వదిలేయండి. ఎన్‌సీ ఉన్నవాళ్లకి నా సలహా ఆర్‌ఎక్స్-8 వీల్స్, అదీ మజ్దానే, 5×114.3, రంధ్రం 67.1, రింగుల గొడవ లేదు.

ఇక అసలు విషయం, వెడల్పు.

కంపెనీ వీల్ అయితే వెనక్కి తిప్పి చూడండి. స్పోకు వెనకాలో, హబ్ తగిలే చోటు పక్కనో అచ్చులోనే పోసి ఉంటుంది: "14×5 1/2 జేజే" లాంటి ముక్క, దాని దగ్గర్లో 45 అనో 40 అనో ఒక అంకె. మొదటిది వ్యాసం, వెడల్పు, రెండూ అంగుళాల్లో. జేజే అన్నది అంచు ఆకారం, దాంతో మనకి పని లేదు. ఆ విడి అంకె ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. జపాన్ వీల్ అయితే జేడబ్ల్యూఎల్ ముద్ర కూడా ఉంటుంది. అమ్మేవాళ్లని ముందువైపు ఫొటోలు కాదు, వెనక ఫొటో పంపమని అడగండి. బద్ధకిస్తే వేరేవాళ్లని చూసుకోండి.

అంకెలు చెరిగిపోయి ఉంటే టేపుతో కొలవాలి. ఇక్కడ చాలామంది బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 6 అంగుళాల వీల్‌ని 7 అని నమ్ముతారు, అమ్ముతారు కూడా. వెడల్పు అంటే టైరు అంచులు కూర్చునే చోటు, లోపలి గోడ నుంచి లోపలి గోడకి. బయటి కొలత దానికన్నా దాదాపు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది.

కంపెనీ నుంచి వచ్చినవి ఇవీ. ఎన్‌ఏ మొదట్లో వచ్చిన ఏడు రేకుల అల్లాయ్ 14×5.5, ఆఫ్‌సెట్ 45, టైరు 185/60ఆర్14 (185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, 14 వీల్ వ్యాసం అంగుళాల్లో). 1994లో 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చాక అల్లాయ్ వెడల్పు 6 అయింది. ఎన్‌బీలో 15×6, ఆఫ్‌సెట్ 40, టైరు 195/50ఆర్15 బాగా కనిపిస్తుంది, 2001 నుంచి 16×6.5 మీద 205/45ఆర్16 కూడా వచ్చింది. ఎన్‌సీలో 16×6.5, 17×7, ఇందులో 17×7కి ఆఫ్‌సెట్ 55. ఎన్‌డీలో 16×6.5కి 50, 17×7కి 45. అంటే పాతికేళ్లలో వెడల్పు పెరిగింది ఒకటిన్నర అంగుళమే. పార్కింగ్‌లో 9 అంగుళాల వీల్స్ వేసుకున్న మియాటాని చూసి మనసు పారేసుకునే ముందు ఇది గుర్తుంచుకోండి, ఆ కారుకి ఫెండర్లు (వీల్ పైన కప్పే బాడీ రేకులు) వంచి, కోసి, సస్పెన్షన్ మార్చి ఉంటారు.

వెడల్పు, ఆఫ్‌సెట్ విడివిడిగా చూస్తే ఏమీ తెలియదు, రెండూ కలిపి లెక్క వేయాలి. లెక్క తేలికే. వెడల్పుని 25.4తో గుణించి సగం చేయండి. దాంట్లోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే వీల్ హబ్ నుంచి బయటికి ఎంత వస్తుందో తెలుస్తుంది. ఆఫ్‌సెట్ కలిపితే లోపలికి, అంటే సస్పెన్షన్ వైపు, ఎంత వెళ్తుందో తెలుస్తుంది. (అంచు మందం ఇందులో లేదు, కానీ రెండు వీల్స్‌నీ ఒకే పద్ధతిలో లెక్కేస్తాం కాబట్టి తేడా సరిగ్గానే వస్తుంది.)

ఎన్‌ఏ 14×5.5 తీసుకోండి. 5.5 అంగుళాలంటే 139.7, సగం 69.85. బయటికి 25 మిల్లీమీటర్లు, లోపలికి 115. ఎన్‌బీ 15×6కి సగం 76.2, ఆఫ్‌సెట్ 40, బయటికి 36, లోపలికి 116. అంటే ఎన్‌బీ వీల్‌ని ఎన్‌ఏకి వేస్తే లోపలి వైపు ఒక్క మిల్లీమీటరే తేడా, బయటికి 11 మిల్లీమీటర్లు ఎక్కువ. ఫెండర్ నిండుగా కనిపిస్తుంది, లోపల ఏదీ తగలదు, పైగా 195/50ఆర్15 టైరు ఎత్తు 576 మిల్లీమీటర్లు, పాత 185/60ఆర్14 ఎత్తు 578. స్పీడోమీటర్ కూడా కదలదు. ఎన్‌ఏ ఉన్నవాళ్లు ఇంకేం ఆలోచించకుండా కొనుక్కోదగ్గది ఇదే, నా దృష్టిలో.

అదే ఎన్‌ఏకి ఎన్‌డీ 17×7 వేద్దాం. స్టడ్ల అమరిక అదే, హబ్ అదే, నట్లు పడతాయి. సగం వెడల్పు 88.9, ఆఫ్‌సెట్ 45, బయటికి 44, లోపలికి 134. రెండు వైపులా 19 చొప్పున పెరిగింది. అది కూడా సర్దుకోవచ్చేమో గానీ దానితో వచ్చే 205/45ఆర్17 టైరు ఎత్తు 616 మిల్లీమీటర్లు. ఎన్‌ఏ అసలు టైరు కన్నా దాదాపు 39 ఎక్కువ. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా, వెనక గుంతలో పడినా రాసుకునే అవకాశం ఎక్కువ, స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజంగా 64లో పోతుంటారు, టికెట్టు మాత్రం 64కే రాస్తారు. 205/40ఆర్17 వేస్తే ఎత్తు 596కి దిగుతుంది, తేడా 3 శాతం. కానీ న్యూజెర్సీ గుంతల్లో 40 ప్రొఫైల్ టైరు మీద ఇంత తేలిక కారు నడపడం నడుముకి మంచిది కాదు. ఎన్‌డీ వీల్స్ ఎన్‌డీకే బాగుంటాయి.

ఎన్‌సీకి ఆర్‌ఎక్స్-8 వీల్స్ అన్నాను కదా, దాని లెక్క కూడా చూడండి. ఎన్‌సీ 17×7, 55: బయటికి 34, లోపలికి 144. ఆర్‌ఎక్స్-8 18×8, 50: బయటికి 52, లోపలికి 152. లోపల 8, బయట 18 ఎక్కువ. వీల్ వరకు ఇబ్బంది లేదు, కానీ ఆర్‌ఎక్స్-8కి వచ్చే 225/45ఆర్18 టైరు ఎత్తు 660, ఎన్‌సీ టైరు 616. టైర్లతో సహా ఇస్తున్నాడు, లాభమే అనుకుంటే ఆ టైర్లు విప్పి పక్కన పడేయాల్సిందే. బేరమాడేటప్పుడు టైర్ల ధర తీసేసి అడగండి.

టైరుకీ వీల్ వెడల్పుకీ కూడా పొత్తు కుదరాలి. 195/50ఆర్15 టైరు 5.5 నుంచి 7 అంగుళాల వీల్ మీద వేయొచ్చు, 205/50ఆర్15 అయితే 7.5 దాకా. టైరు కంపెనీ సైట్‌లో ప్రతి సైజుకీ ఈ హద్దులు ఉంటాయి.

ఒకే పేరున్న కారు కాబట్టి ఒకే వీల్ అనుకునేవాళ్లకి పోర్షే 944 మంచి గుణపాఠం. 1986 దాకా వచ్చిన వాటికి 15×7 ఆఫ్‌సెట్ 23, 1987 నుంచి అదే 15×7కి ఆఫ్‌సెట్ 52. పేరు అదే, వెడల్పు అదే, స్టడ్ల అమరిక 5×130 కూడా అదే, కానీ పాత కారు వీల్ కొత్తదానికి వేస్తే 29 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. ఎస్2000లో అయితే ముందు వెనక వీల్స్ కూడా వేరు: మొదటి వాటికి ముందు 16×6.5 ఆఫ్‌సెట్ 55, వెనక 16×7.5 ఆఫ్‌సెట్ 65. అలాంటి కారు వీల్స్ కొనేటప్పుడు నాలుగు వీల్స్ వెనకా అంకెలు చదవాలి, ఒకటి చూసి వదిలేస్తే కుదరదు.

బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కుని నొక్కి పట్టే భాగం) సంగతి ఈ లెక్కల్లో రాదు. పెద్ద వీల్ నుంచి చిన్న వీల్‌కి దిగుతుంటే స్పోకుల లోపలి వైపు కాలిపర్‌కి తగలొచ్చు. 2001 తర్వాత పెద్ద బ్రేకులతో వచ్చిన ఎన్‌బీలకి 14 అంగుళాల వీల్స్ చాలావరకు పట్టవు. దీనికి ఒకటే దారి, డబ్బులిచ్చే ముందు ఒక వీల్ అడిగి తీసుకుని ముందు ఇరుసుకి పెట్టి చేత్తో తిప్పి చూడటం.

ఇప్పుడు నట్ల దగ్గరికి వద్దాం. ఎవరూ పట్టించుకోనిదీ, వీల్ ఊడిపోయేలా చేసేదీ ఇదే.

మియాటా నాలుగు తరాలకీ స్టడ్ ఎం12×1.5. అంటే 12 మిల్లీమీటర్ల మందం, థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య 1.5 మిల్లీమీటర్లు. టొయోటా, హోండాలదీ చాలావరకు ఇదే. నిస్సాన్, సుబారులది 12×1.25. ఆ నట్టు మియాటా స్టడ్ మీద ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది, అక్కడ టైర్ షాపు కుర్రాడు ఇంపాక్ట్ గన్ పెట్టి ట్రిగ్గర్ నొక్కాడంటే స్టడ్ థ్రెడ్ పోయినట్టే. అందుకే ప్రతి నట్టునీ మొదట చేత్తో తిప్పండి. చేత్తో తిరగని నట్టుని ఏ గన్నూ బాగుచేయదు.

థ్రెడ్ కలిస్తే సరిపోదు, సీటు కలవాలి. మియాటా కంపెనీ నట్టు కొస శంకు ఆకారంలో, 60 డిగ్రీల వాలుతో ఉంటుంది, వీల్ రంధ్రంలోనూ అదే వాలు ఉంటుంది. హోండా కంపెనీ అల్లాయ్స్‌లో సీటు గుండ్రం, గిన్నె లోపలి వైపులాగా. పోర్షేలదీ గుండ్రమే, కాకపోతే స్టడ్ ఎం14×1.5. పాత టొయోటా అల్లాయ్స్‌లో ఇంకో రకం, నట్టు కింద పొడుగ్గా గొట్టంలాంటి మెడ, దానిపైన బల్లపరుపు వాషర్. ఆ మెడ వీల్ రంధ్రంలోకి దిగుతుంది, వాషర్ పైన నొక్కుతుంది.

పాత టొయోటా 4×100 వీల్స్ మధ్య రంధ్రం కూడా 54.1 కాబట్టి ఎన్‌ఏకి వేసేవాళ్లు చాలామంది. వీల్ చక్కగా ఎక్కుతుంది. కానీ మియాటా శంకు నట్టు ఆ రంధ్రం అంచు మీద సన్నటి గీతలా మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు టార్క్ రెంచి టక్కుమంటుంది, అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, నాలుగు రోజులు తిరిగేసరికి ఆ అంచు అల్యూమినియం అణిగిపోయి నట్టు వదులవుతుంది. హోండా గుండ్రని సీటులో శంకు నట్టు వేసినా ఇదే కథ. కాబట్టి వీల్ ఏ కారుదైతే నట్టు సీటు ఆ కారుదే ఉండాలి, థ్రెడ్ మాత్రం మీ స్టడ్‌ది ఉండాలి. వీల్స్ అమ్మేవాణ్ని నట్లు కూడా ఇమ్మనండి, ఊరికే ఇస్తాడు.

సీటు ఏ రకమో తెలియకపోతే టార్చిలైటు వేసి రంధ్రంలోకి చూడండి. నేరుగా వాలు కనిపిస్తే శంకు, వంపు కనిపిస్తే గుండ్రం, వాలు లేకుండా పైన బల్లపరుపుగా, కింద నిటారు గోడగా ఉంటే మెడ నట్టు. ఇంకా అనుమానంగా ఉంటే నట్టు కొసకి మార్కర్ ఇంకు పూసి చేత్తో బిగించి విప్పండి, ఇంకు చుట్టూ వెడల్పుగా చెరిగితే సీటు కలిసింది, సన్నటి గీత మాత్రమే పడితే కలవలేదు.

నట్టు కనీసం ఎన్ని చుట్లు ఎక్కాలి? స్టడ్ మందం ఎంతో అంత లోతు అని మామూలుగా అంటారు. 12 మిల్లీమీటర్లని 1.5తో భాగిస్తే 8 చుట్లు. నట్టు వీల్‌ని తాకాక విప్పుతూ లెక్కపెట్టండి, 8 కన్నా తక్కువ వస్తే ఆ వీల్ మందం ఎక్కువనో, మధ్యలో స్పేసర్ (వీల్‌కీ హబ్‌కీ మధ్య పెట్టే పళ్లెం) ఉందనో అర్థం, పొడుగు స్టడ్లు కావాలి. దీనికి తిరగబడ్డ సమస్య ఒకటుంది: తల మూసి ఉన్న నట్టు పొడుగు స్టడ్ మీద వేస్తే స్టడ్ కొస నట్టు తలకి తగిలి ఆగిపోతుంది, వీల్ మాత్రం బిగియదు. రెంచి టక్కుమన్నా వీల్ ఆడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అన్నీ కుదిరాయనుకోండి, బిగించడం ఇలా. కారు చదునైన చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, జాకీ స్టాండ్ పెట్టాకే పని మొదలెట్టండి. హబ్ మీద తుప్పుంటే వైర్ బ్రష్‌తో గీకేయండి, తుప్పు పొర మీద వీల్ సరిగ్గా కూర్చోదు. స్టడ్లకి గ్రీజు పూయకండి, నూనె తగిలితే అదే టార్క్‌కి స్టడ్ చాలా ఎక్కువ సాగుతుంది. నాలుగు నట్లూ చేత్తో తిప్పి, వీల్ నేలకి ఆనీ ఆనకుండా దించి, ఎదురెదురుగా ఒకటి విడిచి ఒకటి రెండు విడతల్లో బిగించండి. ఎన్‌ఏకి మజ్దా చెప్పింది 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు, అడుగు పౌండ్లలో 65 నుంచి 87. మిగతా తరాలకి మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె వాడండి. 80 కిలోమీటర్లు, అంటే ఓ 50 మైళ్లు తిరిగాక వీల్ చల్లారనిచ్చి మళ్లీ రెంచి పెట్టి చూడండి.

పాత నట్లు పారేయకండి. ఎన్‌ఏ డిక్కీలో ఉండే స్టెప్నీకి ఆ శంకు నట్లే కావాలి, టొయోటా మెడ నట్లు దానికి సరిపోవు. నాలుగు పాత నట్లు, లాక్ నట్టు ఉంటే దాని తాళం సాకెట్, ఒక సంచిలో వేసి స్టెప్నీ పక్కనే పెట్టండి. ఎన్‌డీ వాళ్లకి ఈ బాధ లేదు, అమెరికాలో ఆ కారుకి స్టెప్నీయే రాదు.